నేను లేపని నిద్ర

ఏండ్ల నుంచి నా గుండె మీద ఒక మనిషి నిద్రపోతున్నాడు. బరువు అంటే అందరూ మూట అంటారు, బండ అంటారు. మూటనైతే దించుకోవచ్చు. బండనైతే తోసెయ్యవచ్చు. నిద్రపోయే మనిషిని ఏం చేస్తాం? కదిలితే లేస్తాడేమోనని ఊపిరి బిగబట్టుకుని పడుకుంటాం. నేను అలాగే బతుకుతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళకు చెప్పగలిగితే ఎప్పుడో చెప్పేదాన్ని.

నాకు రాయడం రాదు. సంతకం వచ్చు, బస్సు మీద అంకెలు వచ్చు, అంతే. నేను చెప్తుంటే కింది ఇంటి టీచరమ్మ రాస్తోంది. నేను ‘గిట్ల’ అంటే ఆమె ‘ఇలా’ అని రాస్తుంది, మావాళ్ళు అన్న మాటలు మాత్రం అన్నట్టే రాస్తుంది. రాయనీ. మాట మారితే మారనీ, చేసిన తప్పు మారదు కదా.

సూరత్‌లో, కోసాడ్‌లో మా బిల్డింగు మెట్ల మీద కూర్చున్నాం. మెల్లగా చెప్తున్నాను. లోపల నా బిడ్డ మమత పడుకుంది. కతర్‌గామ్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబులో దానికి రాత్రి డ్యూటీ. పొద్దున వచ్చి ఇంత తిని పడుకుంటుంది. కిటికీకి తడిపిన గోనెసంచి కట్టాను. చల్లగా ఉంటుంది, వెలుతురు రాదు. కుక్కర్ పెట్టను, విజిల్ వేస్తుందని. వాళ్ళ బాపుకు కూడా ఇలాగే కట్టేదాన్ని. అదే కిటికీ. గోనె మాత్రం మారింది.

మా ఆయన సాంచాల మీద పనిచేసేవాడు. సాంచా అంటే కరెంటు మగ్గం. సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్‌కు వచ్చిన మా వాళ్ళలో చాలామందిది ఇదే బతుకు. ఆయనకు ఎప్పుడూ రాత్రిపాళీయే పడేది. సాయంత్రం పోతే పొద్దున్నే రావడం, కాళ్ళు కడుక్కుని పడిపోవడం. రాత్రిపాళీ మనిషిని పగలు లేపకూడదు. ఇది మా ఆడవాళ్ళకు ఎవరూ నేర్పరు, వచ్చేస్తుంది. నిద్ర చాలని మనిషి సాంచాల మధ్య తూలితే వేళ్ళు పోతాయి. అందుకని నిద్ర మాకు దేవుడి గది లాంటిది. చుట్టాలు వచ్చినా బయట మెట్ల మీదే కూర్చోబెట్టి చాయ పోస్తాం. పసిపిల్ల ఏడిస్తే ఎత్తుకుని రోడ్డు మీదకు వెళ్తాం. సాయంత్రం పాళీ వేళకు మాత్రం నేనే లేపాలి. పేరు పెట్టి పిలవను. కాలి బొటనవేలు పట్టుకుని ఒకసారి నొక్కుతాను. లేచి కూర్చుంటాడు. అంతే. పెళ్ళయిన నాటి నుంచి ఆయనను లేపే హక్కు నా ఒక్కదానికే ఉండేది.

ఒక మాట చెప్తే నవ్వుతారేమో. మాకు ఒకటే పరుపు. నేను రాత్రి, ఆయన పగలు. పొద్దున నేను లేచిన చోట ఆయన పడుకునేవాడు. రాత్రి నేను పడుకునేటప్పుడు దిండు మీద ఆయన తల గుంట ఉండేది. నూనె, నూలు దుమ్ము, బీడీ కలిసిన వాసన ఉండేది. ఆ గుంటలో నా చెంప పెట్టుకుని పడుకునేదాన్ని. మా కాపురంలో ఎక్కువ భాగం ఆ గుంటే. పక్కన మనిషి ఉండి, చీకట్లో చెయ్యి చాపితే తగిలేలా ఉండి నిద్రపోవడం ఎలా ఉంటుందో నాకు తెలియలేదు చాలా ఏండ్లు.

సాంచాల చప్పుడుకు ఆయన చెవులు మందగించాయి. అక్కడ ఎవరూ నోటితో మాట్లాడుకోరు, అరిచినా వినపడదు. చేతులతోనే. చాయకు ఒక సైగ, సేటు వస్తున్నాడంటే ఒక సైగ. ఇంటికి కూడా అవే తెచ్చాడు. నాకూ అలవాటయ్యాయి. అందులో ఒకటి ఉంది. చెయ్యి తలమీదికి ఎత్తి, పిడికిలి బిగించి, బోల్టుకు పానా తిప్పినట్టు రెండుసార్లు తిప్పడం. సాంచా ఆగిపోయింది, నా వల్ల కాదు, మిస్త్రీని పిలవండి అని దాని అర్థం. నేర్పు ఉన్నవాడు ఆ సైగ ఊరికే చెయ్యడు. తన చేతనైనంత చేసి, ఇక కాదు అన్నప్పుడే చేస్తాడు. ఇంట్లో మాత్రం తమాషాకు చేసేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైతే పళ్ళెం ముందు కూర్చుని పానా తిప్పేవాడు. నేను గరిటె విసిరేదాన్ని.

ఆ సైగ గుర్తుపెట్టుకోండి. నా తప్పంతా అక్కడే ఉంది.

మొదటి లాక్‌డౌన్‌లో సాంచాలన్నీ ఆగాయి. ఊరంతా ఆగిన చప్పుడు వినపడింది. మా బిల్డింగు సగం ఖాళీ అయింది. జనం మూటలు కట్టుకుని ఊళ్ళకు పోయారు. బిడ్డ డిగ్రీ మొదటి ఏడాది, పరీక్షలు ఎప్పుడంటారో ఏమోనని మేము పోలేదు. తిండికి ఇబ్బంది పడ్డాం, అందరిలాగే. అయినా ఒక నిజం చెప్పాలి. నాకు సంతోషంగా ఉండేది. లోకం ఏడుస్తుంటే నాకు సంతోషంగా ఉండేది. ఎందుకంటే ఆయన రాత్రిపూట ఇంట్లో ఉన్నాడు.

మొదట్లో నిద్ర పట్టేది కాదు ఆయనకు. చీకటి పడగానే లేచి కూర్చునేవాడు, పాళీకి పోవాలన్నట్టు. తర్వాత మెల్లగా అలవాటైంది. చెయ్యి చాపితే తగిలేవాడు. గురక పెట్టేవాడు. ఆ గురకకు నేను మేల్కొనేదాన్ని, మళ్ళీ పడుకోవాలనిపించేది కాదు. వింటూ ఉండేదాన్ని. ఈ వయసులో ఇదేం పిచ్చి అనుకునేదాన్ని. అది పిచ్చి కాదు. ఆకలి.

బిడ్డకు క్లాసులు ఫోన్‌లో నడిచేవి. బడి అంతా గుజరాతీలో చదివింది, తెలుగు మాట్లాడుతుంది కానీ చదవడం రాదు. క్లాసులో విన్నది అర్థమైందో లేదో తేల్చుకోవడానికి వాళ్ళ బాపుకు చెప్పేది. ఆయనకు అదే సినిమా. ఒకనాడు పొద్దుటిపూట, నేను రొట్టెలు చేస్తున్నాను, అది నెలల తరబడి నిద్రపోయే జంతువుల పాఠం చెప్పింది.

“ఎలుగుబంటి చలికాలమంత పంటది బాపూ. తినదు, తాగదు. కొన్ని జీవాలకైతే ఒళ్ళు మంచులెక్క సల్లగైతది. గుండె కొట్టుకుంటుందా లేదా అన్నట్టు ఉంటది. గని చావవు. మన కచ్ఛ్ దిక్కు ముళ్ళుండే చిన్న జీవి ఉంటది సూడు, శెళో అంటరు, గది గూడ తిండి దొరకకుంటె ముడుసుకొని పంటది.”

“గన్ని దినాలా? మాలిక్ ఊకుంటడా?”

“గవి పనికి పోవు బాపూ.”

“నసీబున్న జీవాలు. మా ఊళ్ళె కప్పలు గూడ గంతే, ఎండకాలమంత మట్టిల...”

“కప్ప లెక్కకు రాదు. పాలిచ్చి పెంచే జీవాల ముచ్చట ఇది.”

“మీ అమ్మ గూడ పాలిచ్చే పెంచింది గదనే నిన్ను. మరి ఆమె ఎందుకు పండదు?”

“నువ్వు పండనిస్తె గద! రొట్టె, చాయ, రొట్టె, చాయ.”

ఇద్దరూ నవ్వారు. నేనూ పీట మీద నుంచి పిండి చేతులతో నవ్వాను. తర్వాత అది గంభీరంగా చెప్పింది. ఒంట్లో జీన్స్ అని ఉంటాయట. ఒళ్ళు ఎలా తయారు కావాలో, ఎలా నడవాలో అన్నీ వాటిలోనే ఉంటాయట. “పండే జీవాలకు వేరే జీన్స్ ఉంటయనుకుంటం. గని శానమట్టుకు అవీ మనయీ ఒక్కటే. ఏది ఎప్పుడు చాలూ కావాలె, ఏది ఎప్పుడు బంద్ కావాలె, గక్కడ్నే ఫరక్.”

ఆయన గడ్డం గోక్కున్నాడు. “అంటె తానా అదే, బానా అదే. పత్తా వేరు.”

పత్తా అంటే రంధ్రాలు కొట్టిన అట్ట. పువ్వుల చీరలు నేసే సాంచా మీద ఎక్కిస్తారు. ఏ దారం పైకి లేవాలో, ఏది కింద ఉండాలో అది చెప్తుంది. నిలువు దారం అదే, అడ్డం దారం అదే, పత్తా మారిస్తే మామిడిపిందె పోయి నెమలి వస్తుంది. బిడ్డ చప్పట్లు కొట్టింది. “అదే బాపూ! అచ్చం అదే!”

“అయితె మన ఒంట్ల గూడ గా పండుకునే డిజైన్ ఉన్నదన్నట్టు. పత్తా ఎక్కియ్యలే, గంతే.”

“ఉండొచ్చు. గదే ఎతుకుతున్నరు పెద్దపెద్దోళ్ళు.”

“దొరికితె ముందుగాల నాకు చెప్పు. ఈ కరోనా ఒడిసేదాక పంట. మీ అమ్మ ఏలు వట్టి లేపుతది.”

అప్పుడే రొట్టె మాడిన వాసన వచ్చింది. నేను లేచి పొయ్యి దగ్గరకు పోయాను. తర్వాత బిడ్డ ఇంకా ఏదో చెప్పింది, ఆయన ఏదో అడిగాడు. నేను వినలేదు. సగం పాఠం విన్నాను. ఆ సగం పాఠాన్ని పట్టుకుని నేను ఏం చేశానో ఇప్పుడు చెప్తాను.

మళ్ళీ సాంచాలు నడిచాయి. మళ్ళీ రాత్రిపాళీ. మళ్ళీ దిండు మీద గుంట. ఇంతకుముందు ఆ గుంట చాలేది, ఇప్పుడు చాలలేదు. రుచి తెలిసిన తర్వాత ఆకలి వేరే అవుతుంది కదా. మరుసటి ఏడాది ఎండాకాలం వచ్చింది. ఆ ఎండాకాలం ఎలాంటిదో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆయనకు జ్వరం పట్టుకుంది. దగ్గు. ఆ తర్వాత ఆయాసం. మా ముందు బ్లాకు నుంచి ఇద్దరిని బండి ఎక్కించి తీసుకుపోయారు, ఇద్దరూ తిరిగి రాలేదు. మొహాలు కూడా చూపలేదని ఇంటివాళ్ళు ఏడ్చారు. ఆ ఏడుపు మా కిటికీలోకి వచ్చేది. గోనె కట్టినా వచ్చేది.

బిడ్డ ఒకటే మాట, దవాఖానకు పోదాం అని. పొద్దున ఆయన కూడా ఇంకో పూట చూద్దాం అన్నాడు. అది నిజమే. పొద్దున ఆయనే అన్నాడు. ఆ ఒక్క మాటను నేను ఇన్నేండ్లు ఎలా వాడుకున్నానో చూడండి.

బిడ్డ ఊరుకోలేదు. స్నేహితురాలి అన్నను వెంటబెట్టుకుని బండి కోసం, దవాఖానలో మంచం కోసం తిరగడానికి పోయింది. ఇంట్లో నేనూ ఆయనా. మధ్యాహ్నం. నేను చెంగు తడిపి నుదురు తుడుస్తున్నాను. ఆయన కళ్ళు తెరిచాడు. చెయ్యి మెల్లగా లేచింది. తల దాకా రాలేదు, ఛాతీ మీదనే ఆగింది. పిడికిలి బిగించాడు. పానా తిప్పాడు. రెండుసార్లు.

నాకు అర్థమైంది. అర్థం కానట్టు అడిగాను.

“ఏంది? నీళ్ళా?”

తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ తిప్పాడు. నేను ఆ సైగే మరిచిపోయాననుకున్నాడేమో, నవ్వాడు. ఆ నవ్వుకే ఆయాసం వచ్చింది.

“సాంచా ఆగిందే. మిస్త్రీని పిలువు.”

“జర ఓపిక వట్టు.”

“నాతోటి కాదే. తీస్కపో.”

“ఏడికి తీస్కపోవాలె? గక్కడికి పోయినోళ్ళు వచ్చిండ్రా? నేను పంపియ్య. పండుకో. పండుకుంటె నయమైతది. మన పిల్ల చెప్పలే? గా పత్తా ఎక్కిచ్చిండ్రనుకో.”

చాలాసేపు నన్ను చూశాడు. నాతో వాదించే ఊపిరి ఆయన దగ్గర లేదు. నాకది తెలుసు. తెలిసే వాదించాను.

“నువ్వు లేపుతవా?” అన్నాడు. “పాళీకి లేపినట్టు?”

“లేపుత.”

కళ్ళు మూసుకున్నాడు. నా మాట నమ్మి మూసుకున్నాడు. పెండ్లయిన నాటి నుంచి ఒక్క సాయంత్రం కూడా నేను లేపడం మరిచిపోలేదు కదా, ఎందుకు నమ్మడు?

తర్వాత ఫోన్ మోగింది. బిడ్డ.

“అమ్మా, బండి దొరికింది! మంచం గూడ ఉన్నదన్నరు. బాపుకు అంగి తొడిగి తయ్యారు జెయ్యి, పావుగంటల వస్తం.”

నా నోట్లో నుంచి వచ్చింది ఏమిటో వినండి.

“బాపు రానంటున్నడు బిడ్డా.”

“ఏంది? ఫోనియ్యి జర.”

“పండుకున్నడు. రానని మొండికేసిండు. ఒట్టు వెట్టిండు నాతోని. గుంజుకపోతె పానం తీస్కుంట అన్నడు.”

అటు నుంచి బండి ఇంజను చప్పుడు వినపడుతోంది. ఆ తర్వాత “గట్లనేనా? సరే” అంది. ఆ బండిలో వేరే ఎవరినో ఎక్కించారు. ఎవరో నాకు తెలియదు. బతికి ఉంటే బాగుండు. బతికి ఉన్నారా అని అప్పుడప్పుడూ ఆలోచిస్తాను.

ఎందుకు చేశాను? ఇన్నేండ్లూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. మొదట భయం అనుకున్నాను. మొహం చూడకుండా పోతాడేమోనని, మూటకట్టి ఇస్తారేమోనని, అది కూడా ఇవ్వరేమోనని. భయం నిజమే. కానీ భయం ఒక్కటే అయితే ఇన్నాళ్ళకు అరిగిపోయేది. దాని కింద ఇంకొకటి ఉంది. చాలా కాలం దాన్ని నేను చూడలేదు, చూసినా పేరు పెట్టలేదు. ఒక్క లాక్‌డౌనే నాకు ఆయన రాత్రులను ఇచ్చింది. తర్వాత సాంచా మళ్ళీ తీసుకుపోయింది. ఇప్పుడు దవాఖాన తీసుకుపోతానంటోంది. నేను ఇవ్వదలచుకోలేదు. జబ్బుతోనైనా సరే నా పరుపు మీద, నా చెయ్యి చాపినంత దూరంలో ఉన్నాడు కదా అనుకున్నాను. బతకాలని ఆయన మిస్త్రీని అడుగుతుంటే, నా దగ్గరే ఉండాలని నేను జోకొట్టాను. దీన్ని ప్రేమ అనాలా? ప్రేమ అయితే ఆయన అడిగింది వినేది కాదా? ఆశపోతుతనం అనాలా? నాకు తెలియదు. ఆ మధ్యాహ్నం ఆయన పక్కన పడుకుని, వేడి నుదురు మీద చెయ్యి వేసి, నేను సుఖంగా ఉన్నాను. ఈ మాటకు టీచరమ్మ రాయడం ఆపి నా మొహం చూసింది. రాయమ్మా. అది కూడా రాయి.

సాయంత్రం బిడ్డ వచ్చింది. మొహం ఎర్రగా ఉంది. చెప్పులు గూట్లో పెట్టకుండా విసిరింది. బాపు దగ్గరకు పోయి నుదురు ముట్టుకుంది. “సల్లవడ్డది. జరం దిగింది” అంది. నేనూ ముట్టుకున్నాను. చల్లగానే ఉంది. చెమట. ఊపిరి మెల్లగా, దూరం దూరంగా వస్తోంది. చూశావా, పత్తా ఎక్కింది అనుకున్నాను మనసులో. నవ్వుకున్నాను కూడా. బిడ్డ లేపబోయింది.

“లేపకు బిడ్డా. ఎన్ని దినాలకు గింత మంచిగ పండిండు” అన్నాను.

అది ఆగింది. అది కూడా రాత్రిపాళీ మనిషి కూతురు. నిద్ర అంటే తనకూ దేవుడి గదే.

పాళీ వేళ అయింది. కింద మసీదు నుంచి, గుడి నుంచి చప్పుళ్ళు, మందుల దుకాణం ముందు జనం. నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. బొటనవేలు పట్టుకున్నాను. నొక్కలేదు. ఇంకొంచెంసేపు పడుకోనీ అనుకున్నాను. మాట ఇచ్చాను, అయినా ఇంకొంచెంసేపు అనుకున్నాను. ఆఖరికి తెల్లవారుజామున నొక్కాను. అప్పుడు ఎంత నొక్కినా ఏం లాభం?

అయిపోయింది. అదే నేను చేసింది. కానీ అసలు తప్పు ఇంకా చెప్పలేదు.

ఊరి నుంచి బావగారు ఫోన్ చేసి దవాఖానకు ఎందుకు తీసుకుపోలేదని అడిగాడు. రానన్నాడు అని చెప్పాను. కార్ఖానావాళ్ళు అడిగారు. రానన్నాడు అన్నాను. ఒక్కొక్కరికి చెప్పేకొద్దీ ఆ మాటకు చేతులు కాళ్ళు వచ్చాయి. ఎలా అన్నాడో, ఎలా మొండికేశాడో నేనే చేసి చూపించేదాన్ని. ఒక్కోసారి నాకే నిజమనిపించేది. చచ్చిపోయిన మనిషి నోట్లో నేను నా మాట పెట్టాను. బతికున్న మనిషి దగ్గర నుంచి మిస్త్రీని దూరం పెట్టడం ఒక పాపం. పోయిన తర్వాత కూడా ఆయన మీదనే నింద వేసి ఊరుకోవడం ఇంకో పాపం. మొదటిది ఒక మధ్యాహ్నం చేశాను. రెండోది ప్రతిరోజూ చేస్తున్నాను.

ఎందుకంటే నా బిడ్డ ఆయనను క్షమించలేదు.

అది ‘బాపు’ అనడం మానేసింది. ‘ఆయన’ అంటుంది. పెత్తరమాస నాడు పోయినవాళ్ళ పేరు మీద బియ్యం ఇస్తాం కదా, ఇష్టమైనవి వండి పెడతాం కదా. మొన్న పెత్తరమాసకు నేను ఆయనకు ఇష్టమని గారెలు చేస్తున్నాను. డ్యూటీ నుంచి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

“ఆయనకిష్టమైంది ఒండుతున్నవ్. మనకిష్టమైంది ఆయన ఒక్కటన్న చేసిండా? బండి దాకా నడువుమంటె నడువలే. మనకంటె ఆయనకు ఆయన జిద్దే ఎక్కువ. నేను గా దినం ఎన్ని కాళ్ళు మొక్కిననో ఎరికేనా అమ్మా నీకు, గా మంచం కోసం?”

నూనె కాగుతోంది. గారె మునివేళ్ళ మీద ఉంది. అప్పుడు చెప్పాలి. నోటి దాకా వచ్చింది. “తిని పండుకో బిడ్డా” అన్నాను. మళ్ళీ అదే మాట. నాకు వచ్చిన మాట ఒకటే, పండుకో.

ఆయన పేరు మీద ఇచ్చే బియ్యాన్ని అది ముట్టలేదు.

తర్వాత కొన్నాళ్ళకు, ఒక పొద్దున అది తలకు నూనె రాయించుకుంటుంటే, ఏమీ ఎరగనట్టు అడిగాను. “గా నిద్రవోయే జంతువుల ముచ్చట మల్లొకపారి చెప్పు బిడ్డా. నేను సగమే ఇన్న.” దానికి ఆశ్చర్యం వేసింది. కానీ చదువంటే ఇష్టం దానికి. చెప్పింది.

“పండుడు పెద్ద ముచ్చట కాదమ్మా. లేసుడే ముచ్చట. వాటికి ఒంట్ల ఒక తీరు కొవ్వుంటది, పొయ్యిలెక్క. చంటిపిల్లలకు గూడ ఉంటది వీపు మీద, పెద్దగైతె తగ్గుతది. గవి నడుమ నడుమ గా పొయ్యి రాజేసుకుంటయి, ఒళ్ళు వెచ్చగ చేసుకుంటయి, వాటంతట అవే లేస్తయి. మల్ల పంటయి. మన గుండె గంత సల్లదనానికి ఆగిపోతది. జీన్స్ అవే ఉన్నయి మనకు. లేసే పత్తా లేదు, గంతే.”

పత్తా అంది. అనేసి ఆగింది. ఆ మాట ఎవరిదో దానికి గుర్తొచ్చింది. నా చేతుల కింద దాని తల కదలకుండా అయిపోయింది. నేను వెనక ఉన్నాను, మొహం కనపడలేదు.  “నూనె సాలు” అని లేచిపోయింది.

అప్పుడు నాకు తెలిసింది. అది ఆయనను మరిచిపోలేదు. నాలాగే ఆకలిగా ఉంది. ఏడవడానికి దానికి దారి లేదు, ఆ దారికి అడ్డంగా నా అబద్ధం పడుకుని ఉంది. నేను ఆయన కోసం ఏడ్చుకోగలను, ఇప్పుడు కూడా ఆ దిండు నా తల కిందనే ఉంది. దానికి ఆ దిండు కూడా లేకుండా చేశాను. కోపం ఇచ్చాను, తండ్రిని తీసుకున్నాను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఇది తెలుగులో ఎందుకు రాయిస్తున్నానో తెలుసా? నా బిడ్డకు తెలుగు చదవడం రాదు. ఎక్కడో అచ్చవుతుంది, ఎవరో చదువుతారు, దాని కంట పడదు అనుకున్నాను. మీకు చెప్పి బరువు దించుకోవచ్చు, దానికి చెప్పకుండా ఉండవచ్చు అనుకున్నాను. పొద్దున ఈ మెట్ల మీద కూర్చునేటప్పుడు కూడా అదే అనుకున్నాను. మీరు నన్ను తిట్టినా ఓదార్చినా నాకు వినపడదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు క్షమిస్తే ఆయన లేస్తాడా?

అయినా చెప్తూ చెప్తూ ఉంటే ఏదో అయింది. “తీస్కపో అన్నాడు” అని నా నోటితో అన్నాను చూడండి, పోయిన తర్వాత మొదటిసారి ఆయన మాట ఆయనదే అయి బయటకు వచ్చింది. ఆయన గొంతు వినపడింది. ఇన్నాళ్ళూ ఆ మధ్యాహ్నం తలుచుకుంటే నా అబద్ధం గొంతే వినపడేది, రానన్నాడు, రానన్నాడు అని. ఇప్పుడు ఆయనే మాట్లాడాడు. ఆయాసంతో, నవ్వుతూ. మిస్త్రీని పిలువు అని. ఎంత కరువైపోయానో ఆ గొంతుకు.

టీచరమ్మా, ఇక చాలు. ఈ నాలుగు ముక్కలు రాసి కలం మూసెయ్యి.

గోనె ఆరిపోయి ఉంటుంది ఈపాటికి. తడపాలి అని లేవబోయాను. తడపను. ఎండ రానీ. పాళీకి ఇంకా చాలా వేళ ఉంది, అది అలిసిపోయి పడుకుంది, లేపితే విసుక్కుంటుంది, విన్న తర్వాత నా మొహం చూస్తుందో చూడదో. నా బతుకంతా పడుకున్నవాళ్ళను లేపకుండా గడిచింది. ఇప్పుడు లోపలికి పోయి దాని కాళ్ళ దగ్గర కూర్చుంటాను. బొటనవేలు పట్టుకుంటాను.

ఈసారి నొక్కుతాను.